ఎడమవైపు ఎవరు చూస్తున్నారు?

ఎడమ తలుపులోంచి నడుందాకా బయటికి వంగి, అరచేత్తో రేకు మీద దబదబా బాదుతూ "రానీ... రానీ... హోల్డాన్!" అని అరిచే కుర్రాడు లారీల మీద కనపడటం తగ్గిపోయింది. క్లీనర్ అనేవాళ్లం. బండి కడగడం, టైర్లలో గాలి చూడటం, టార్పాలిన్ తాళ్లు బిగించడం వాడి డ్యూటీ. వీటన్నిటికంటే ముఖ్యంగా, డ్రైవరుకు కనపడని సగం రోడ్డును చూసి చెప్పేవాడు. ఆ చూపుకు విడిగా ఎవరూ వెల కట్టలేదు. అందుకే డీజిలు, టోలు, ఫైనాన్సు కిస్తీలు మీద పడి ఓనరు ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు ముందు దిగిపోయింది వాడే. కుర్రాళ్లకు కూడా ఈ పని మీద మోజు పోయింది. ఇప్పుడా సీట్లో నీళ్ల క్యాను, మడిచిన దుప్పటి, చిన్న స్టవ్వు ప్రయాణం చేస్తున్నాయి.

ఆ ఖాళీ సీటు సంగతి నెల్లూరు తీరానికి బాగా పట్టాలి. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైనప్పటి నుంచి ముత్తుకూరు, వెంకటాచలం మండలాల్లో లారీల వరస తెగడం లేదు. బొగ్గు, ఎరువులు, పంటపాళెం నూనె ఫ్యాక్టరీల ట్యాంకర్లు, నేలటూరు థర్మల్ కేంద్రం బూడిద. ఇవన్నీ పోయి కోల్‌కతా–చెన్నై పదహారో నంబరు హైవేలో కలుస్తాయి. అదే దారిలో రొయ్యల గుంటలకు మేత బస్తాలు వేసుకెళ్లే బైకులు, షిఫ్టుకు టైమైపోతోందని ఉరికే కుర్రాళ్లు, తెల్లారకముందే చేపల బాక్సు కట్టుకుని ఊళ్ల మీదికి బయల్దేరే టీవీఎస్ ఎక్సెల్‌లు. ఎక్సెల్ మెల్లగా పోయే బండి, పైగా వెనక బాక్సు బరువు. పెద్ద బండ్లకు అడ్డం రాకూడదని రోడ్డు అంచు పట్టుకునే పోతుంది. అంచు అంటే లారీకి ఎడమ పక్క. జాగ్రత్త అనుకుని ఆ మనిషి ఎంచుకున్న చోటే డ్రైవరుకు అన్నిటికంటే తక్కువ కనపడే చోటు.

వెంకటాచలం టోల్‌ప్లాజా దాటాక ఒక దాబా దగ్గర ఆగిన పద్నాలుగు టైర్ల లారీ డ్రైవరును దీని గురించే కదిపితే, మాటలతో చెప్పకుండా తన సీట్లోకి ఎక్కమన్నాడు. "ఎక్కండి సార్. మీ బైకు యాడుందో చూసి చెప్పండి." నా బండి ఎడమ తలుపుకు రెండడుగుల దూరంలో స్టాండు వేసి ఉంది. పైకెక్కితే దాబా రేకుల కప్పు మీద ఎవరో ఎండబెట్టిన మిరపకాయలు కూడా కనిపిస్తున్నాయి. బైకు మాత్రం లేదు. ఎడమ కిటికీ అంచు అంత ఎత్తులో ఉంది. ఎడమ అద్దంలో సగం లారీ రేకే, మిగతా సగంలో ఎక్కడో వెనకున్న రోడ్డు. అద్దం మీద బొగ్గు పొడి. ఎదురుగా ఉన్న పెద్ద అద్దానికి పైన వెంకటేశ్వరస్వామి స్టిక్కరు, కింద ప్లాస్టిక్ పూలదండ. దేవుడి మీద నాకూ భక్తి ఉంది గానీ, ఆయన్ను కాస్త పక్కకు జరిపితే తప్పేమీ లేదనిపించింది.

తర్వాత బైకును బంపరు ముందుకు తోయించి, దాబా కుర్రాణ్ణి దాని మీద కూర్చోమన్నాం. తల కూడా కనపడలేదు. చెయ్యి పైకెత్తమంటే వేళ్లు కనపడ్డాయి. "ఆగిన బండిలోనే ఇట్టుంటే, నడస్తా ఉన్నప్పుడు ఎట్టుంటదో మీరే అనుకోండి," అన్నాడు డ్రైవరు. "సందు దొరికితే సాలు సార్, లెఫ్ట్‌లో దూరతారు. నేను అద్దం చూసేలోగా యెనక టైరు కాడుంటారు."

ఆ వెనక టైరు గురించే చెప్పుకోవాలి. 2025 సెప్టెంబరులో సంగం మండలం పెరమన దగ్గర ఎదురొచ్చిన ఇసుక టిప్పర్ కారును ఢీకొని ఏడుగురు పోతే రాష్ట్రమంతా మాట్లాడుకుంది. బైకు మీద ఒక్కడే పోతే జిల్లా పేజీలో నాలుగు లైన్లు, అందులో తరచూ కనిపించేది 'లారీ వెనుక చక్రాల కింద పడి' అనే మాట. ముందు చక్రం డ్రైవరు కూర్చున్న చోటికి దగ్గర. వెనక చక్రాలు ఆయనకు చాలా దూరంలో, వేరే దారిలో నడుస్తాయి. పొడవాటి బండి ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ట్రైలరైతే మరీ ఎక్కువగా కోస్తుంది. అది తెలిసిన డ్రైవరు మలుపు ముందు బండిని కాస్త కుడికి లాగి, అప్పుడు ఎడమకు తిప్పుతాడు. వెనకొచ్చే బైకు కుర్రాడికి కనిపించేది మొదటి సగమే. లారీ కుడికి జరిగింది, ఎడమన దారి దొరికింది అనుకుని దూరతాడు. లారీ తిరగడం మొదలయ్యాక ఆ దారి ముందు వైపు నుంచి కాదు, పక్క నుంచి మూసుకుపోతుంది. ముందుకు పోయే వీలుండదు, వెనక్కి లాగే టైముండదు.

అలాంటప్పుడు మనిషి చక్రాల మధ్యలోకి జారిపోకుండా ఆపడానికే లారీ పక్కల సైడ్ గార్డులు ఉండాలని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఏ టీ కొట్టు దగ్గరో నిలబడి వచ్చేపోయే లారీల నడుముల వైపు చూడండి. వంగినవి, ఒక కడ్డీ ఊడి వేలాడేవి, అసలు లేనివి కనిపిస్తాయి.

దీనికి తోడు మన వాన. నెల్లూరుకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్లతో కలిసి వస్తాయి. వైపర్ తుడిచేది ముందు అద్దాన్నే. ఎడమ కిటికీ అద్దం మీద, దాని అవతలి సైడ్ మిర్రర్ మీద చుక్కలు అలాగే ఉంటాయి. చలికాలం తెల్లవారుజామున మంచు పడితే అంతే. క్లీనర్ ఉన్న రోజుల్లో గుడ్డముక్క పెట్టి తుడిచేవాడు. ఇక 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. మే నెల ఎండలో ఇంజను పక్కన ఉడికిపోయే డ్రైవరుకు అది ఎప్పుడో దక్కాల్సిన సుఖం. అయితే అద్దాలు ఎక్కించి కూర్చున్నాక పక్కన బైకువాడు పెట్టే కేక ఆయన చెవిదాకా పోదు. బైకు నడిపేవాళ్లు ఈ మార్పు గుర్తుపెట్టుకోవాలి.

ప్రమాదం జరిగితే తప్పు పెద్ద బండిదేనని జనం అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. డ్రైవరు దిగి పరిగెత్తేది చాలాసార్లు ఆ తీర్పుకు భయపడే. చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలన్న కొత్త సెక్షను మీద 2024 జనవరి మొదట్లో దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపేసినప్పుడు పెట్రోలు బంకుల ముందు క్యూలు కట్టాం, గుర్తుండే ఉంటుంది. కేంద్రం దాన్ని అమలు చేయకుండా పక్కన పెట్టింది. డ్రైవరుకు శిక్ష ఎన్నేళ్లన్న దాని మీద అంత గొడవ జరిగింది గానీ, ఆయనకు కనపడని పక్కను చూపించే బాధ్యత ఎవరిదన్న మాట అందులో వినపడలేదు. నా లెక్కలో ఆ బాధ్యత క్లీనర్ జీతం మిగుల్చుకున్నవాళ్లది. మనిషిని తీసేసినప్పుడు ఆ పని చేసే వస్తువైనా పెట్టాలి కదా.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్లు. హెల్మెట్ గురించి పోలీసులు చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజమే, కానీ లోడు లారీ చక్రం ముందు దాని శక్తి ఎంత? అక్కడ పనికొచ్చేది దూరం ఒక్కటే. నెదర్లాండ్స్‌లో బడిపిల్లల్ని నిజమైన లారీ దగ్గరికి తీసుకెళ్లి, డ్రైవరుకు ఏది కనపడదో చూపించి నేర్పిస్తారు. మలేసియాలో ఫెడరల్ హైవే పక్కన 1970ల నుంచే మోటార్‌సైకిళ్లకు విడిగా దారి ఉంది. మన దగ్గర అలాంటి దారి వచ్చేదాకా బైకువాడి చేతిలో ఉన్నవి కొన్నే. లారీ సైడ్ అద్దంలో డ్రైవరు మొహం నీకు కనపడకపోతే ఆయనకు నువ్వూ కనపడవు. ఎడమ ఇండికేటర్ వేసినా, మలుపు దగ్గర కుడికి జరిగినా వెనకే ఆగిపోవాలి. టోల్‌గేటు దగ్గర బంపరుకు ఆనుకుని నిలబడకూడదు. దాటాలంటే కుడి నుంచే, అదీ పక్కన నాన్చకుండా చకచకా.

ఓనర్ల వైపు సంగతి చూస్తే లండన్ ఒక దారి పట్టింది. పన్నెండు టన్నులు దాటిన లారీ నగరంలోకి రావాలంటే పర్మిట్ కావాలి. దానికోసం డ్రైవరుకు క్యాబిన్ లోంచి నేరుగా ఎంత కనపడుతుందో కొలిచి స్టార్లు ఇస్తారు. పర్మిట్ లేనివాటి మీద 2021 మార్చి నుంచి జరిమానాలు మొదలయ్యాయి, 2024 అక్టోబరు నుంచి కనీసం మూడు స్టార్లు అడుగుతున్నారు. అంత రాకపోతే కెమెరాలు, సెన్సర్లు బిగించుకోవాలి. మన కేంద్ర రోడ్డు రవాణా శాఖ కూడా పెద్ద బండ్లకు పక్కన మనిషి ఉంటే హెచ్చరించే పరికరాలు పెట్టాలని 2025 మార్చిలో ముసాయిదా విడుదల చేసింది. అయితే అది కొత్తగా తయారయ్యే బండ్ల మాట. ముత్తుకూరు రోడ్డు మీద ఇవాళ తిరిగే లారీలు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతూనే ఉంటాయి.

వాటి విషయంలో నెల్లూరుకు ఒక వెసులుబాటు ఉంది. హైవే మీద లారీని ఆపి చూడటం పెద్ద తతంగం. పోర్టుకొచ్చే లారీ మాత్రం తనంతట తానే గేటు దగ్గర ఆగుతుంది, కాగితాలు చూపిస్తుంది, కాటా ఎక్కుతుంది. కాటా మీద ఆగిన ఆ కాసేపట్లో ఎడమ అద్దం పగిలిందా, సైడ్ గార్డు ఉందా, తలుపు పైన కిందికి చూసే గుండ్రటి అద్దం బిగించారా అని ఒక మనిషి చుట్టూ తిరిగి చూడొచ్చు. లేకపోతే లోడు లేదని పోర్టు, థర్మల్ కేంద్రం, నూనె ఫ్యాక్టరీలు కలిసి ఒక్క నెల పట్టుబడితే, నెల్లూరు ఆటోనగర్‌లో అద్దాలు బిగించేవాళ్లకు భోజనం చేసే తీరిక కూడా దొరకదు.