ఆర్గ్ మోడ్‌లో అలారాలు

ఆర్గ్ మోడ్ అనేది గ్నూ ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో పనిచేసే పనుల నిర్వహణ వ్యవస్థ. చేయవలసిన పనులు, వాటి తేదీలు, వివరణలు అన్నీ ఇందులో సాదా పాఠ్య ఫైళ్ళలోనే ఉంటాయి. అయితే ఫైలులో తేదీని, సమయాన్ని వ్రాసినంత మాత్రాన అలారం మోగదు. ఆ పనిని ఈమాక్స్‌లోని యాప్ట్ అనే మరొక భాగం నిర్వహిస్తుంది. ఈ రెండింటినీ కలిపినప్పుడే గుర్తు చేసే ఏర్పాటు పూర్తి అవుతుంది.

చరిత్ర

ఆర్గ్ మోడ్‌ను 2003లో ఖగోళ శాస్త్రవేత్త కార్‌స్టెన్ డొమినిక్ రూపొందించాడు. 2007లో విడుదలైన ఈమాక్స్ 22 నుండి ఇది ఈమాక్స్‌తో పాటే లభిస్తున్నది. ఈమాక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి కూడా ఉన్నందున పనుల పేర్లను తెలుగులోనే వ్రాసుకోవచ్చు.

తేదీలలో రకాలు

* షెడ్యూల్డ్: పనిని మొదలుపెట్టవలసిన రోజు. ఆ రోజు దాటినా, పని పూర్తయినట్లు గుర్తించే వరకు నేటి అజెండాలో ఇది కనిపిస్తూనే ఉంటుంది.
* డెడ్‌లైన్: పనిని ముగించవలసిన గడువు. సాధారణంగా 14 రోజుల ముందు నుండే అజెండాలో హెచ్చరిక కనిపిస్తుంది.
* కోణాకార కుండలీకరణాలలోని తేదీ: సమావేశం వంటి నిర్ణీత సందర్భం. తేదీని చతురస్ర కుండలీకరణాలలో వ్రాస్తే అది అజెండాలోకి రాదు.

అలారం మోగవలెనంటే తేదీతో పాటు గంట, నిమిషాలు కూడా తప్పనిసరిగా ఉండాలి. "వైద్యుని వద్దకు వెళ్ళుట" అనే పనికి తేదీ మాత్రమే ఇస్తే అది అజెండాలో కనిపిస్తుంది గాని మోగదు. 16:30 అని చేర్చితేనే మోగుతుంది.

అమర్చే విధానం

1. పనుల ఫైలును అజెండా ఫైళ్ళ జాబితాలో చేర్చాలి.
2. పని శీర్షికపై కర్సరును ఉంచి, కంట్రోల్-సి, కంట్రోల్-ఎస్ మీటలను వరుసగా నొక్కి తేదీని, సమయాన్ని ఇవ్వాలి. గడువు కొరకైతే రెండవ మీట కంట్రోల్-డి.
3. ఈమాక్స్ ప్రారంభ ఫైలులో యాప్ట్-యాక్టివేట్ అనే ఆదేశాన్ని 1 అనే విలువతో వ్రాయాలి. విలువ లేకుండా చేతితో రెండవసారి ఇస్తే అలారాల పరిశీలన ఆగిపోతుంది.
4. ఆర్గ్-అజెండా-టు-యాప్ట్ అనే ఆదేశాన్ని ఇవ్వాలి. ఆనాటి సమయాలన్నీ యాప్ట్ జాబితాలో చేరుతాయి.

ఆ తరువాత యాప్ట్ నిమిషానికొకసారి జాబితాను పరిశీలిస్తుంది. మార్పులేమీ చేయకపోతే 12 నిమిషాల ముందు మొదటి హెచ్చరిక వస్తుంది. అటుపై ప్రతి 3 నిమిషాలకు పునరావృతమవుతుంది. హెచ్చరికతో పాటు చిన్న శబ్దం వస్తుంది, తెరపై చిన్న కిటికీ తెరుచుకుంటుంది. దూరం వెళ్ళవలసిన పనులకు 12 నిమిషాలు చాలవు కనుక ఈ వ్యవధిని పెంచుకోవడం మంచిది.

పరిమితులు

నాలుగవ మెట్టులోని ఆదేశం ఆ రోజు పనులను, అది కూడా ఆ క్షణంలో ఉన్న వాటిని మాత్రమే గ్రహిస్తుంది. అందువలన:

* ప్రతిరోజూ ఈ ఆదేశాన్ని తిరిగి ఇవ్వాలి.
* మధ్యలో కొత్త పని చేర్చినా మరల ఇవ్వాలి.
* పని సమయాన్ని మార్చినప్పుడు ముందుగా కంట్రోల్-యు నొక్కి ఆదేశం ఇస్తే పాత జాబితా తొలగి కొత్తది ఏర్పడుతుంది. లేనిచో పాత సమయానికే అలారం మోగే అవకాశం ఉంది.

ఈమాక్స్ మూసి ఉన్నా, కంప్యూటరు ఆపి ఉన్నా ఏ హెచ్చరికా రాదు. కనుక మందులు వేసుకొనుట, రైలు ప్రయాణం వంటి తప్పరాని వాటికి గడియారం లేదా ఫోను అలారాన్ని కూడా పెట్టుకోవాలి.