ఒకే సంఘాతములో రెండు తాకుళ్ళు

రెండు గోళీలు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నచో తాకుడు ఒక్కటే. ప్రోటానులు అట్లు కావు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు త్వరణయంత్రమున 1960ల చివర ప్రోటానులపై ఎలక్ట్రానులను ప్రయోగించి చూడగా, లోపల బిందువులవంటి కణములున్నట్లు సూచనలు కనబడినవి. ప్రోటాను అంశములకు ఫైన్‌మన్ పార్టానులని పేరిడెను. అవి క్వార్కులు, వానిని బంధించు గ్లూవానులు అని తరువాత తేలినది.

కనుక ప్రోటానుల సంఘాతమును, రెండు గుప్పెళ్ళ చింతగింజలను ఎదురెదురుగా విసరుటతో పోల్చవచ్చును. పెక్కు గింజలు తప్పుకొనిపోవును. ఒక జత గట్టిగా తాకును. ఒక్కొక్కప్పుడు రెండవ జతయు తాకును. ప్రోటాను శక్తి పెరిగినకొలది ఇది హెచ్చగును. ఏలననగా, అప్పుడు ఆ శక్తిలో అతిస్వల్పభాగమును మోయు పార్టాను సయితము తాకుడుకు చాలును. అట్టివే సంఖ్యలో మిక్కిలి. జెనీవాకడ 27 కిలోమీటర్ల వలయములో 2010లో ఆరంభమైన 7 లక్షలకోట్ల ఎలక్ట్రాన్‌వోల్టుల సంఘాతములలో ఇట్టివి సర్వసాధారణము. (ప్రోటానులు గుంపులుగా వచ్చుటచే ఒకేసారి పెక్కు జతలు ఢీకొనుట వేరు విషయము. అవి వేరువేరు చోట్ల పుట్టినట్లు కణముల జాడలే చెప్పును.)

అయితే తాకుళ్ళు రెండని తెలియుటెట్లు? ఒక తాకుడునుండి వెలువడు రెండు కణధారలు, పుంజమునకు అడ్డముగా చూచినచో, సమాన ద్రవ్యవేగముతో ఎదురెదురు దిక్కులకు పోవును. నాలుగు ధారలు ఒకే తాకుడులో పుట్టినచో నాలుగును కలిసి తూగును. తాకుళ్ళు రెండైనచో ఏ జతకాజత విడిగా తూగును. జతల నడుమ కోణము ఎట్లయినను ఉండవచ్చును. ఒక్క సంఘటనను చూచి నిశ్చయింప వీలులేదు, యాదృచ్ఛికముగా ఒకే తాకుడు అట్లు కనబడవచ్చును. వేలకొలది సంఘటనలను పోల్చవలెను.

చికాగో సమీపమున ఫెర్మీ ప్రయోగశాలలో ప్రోటానులను ప్రతిప్రోటానులతో ఢీకొట్టించి, సి.డి.ఎఫ్. బృందమువారు 1997లో ఇట్లే చేసిరి. వారు ఒక ఫోటాను, మూడు ధారలుగల సంఘటనలను ఏరి, రెండవ తాకుడు ఎంత తరచో చూపు వైశాల్యమొకటి లెక్కగట్టిరి. ఇది ఎంత తక్కువైన రెండవ తాకుడు అంత తరచు. తాకుళ్ళకు పరస్పర సంబంధమే లేనిచో ఇది మొత్తము సంఘాత వైశాల్యమంత, అనగా సుమారు 60 మిల్లీబార్నులు ఉండవలెను. (మిల్లీబార్ను చదరపు సెంటీమీటరులో 10²⁷వ వంతు.) వచ్చినది సుమారు 15 మాత్రమే!

రెండవ తాకుడు నాలుగింతలు తరచైనదన్నమాట. పార్టానులు అంచులకంటె నడుమ దట్టముగా నుండుటయే ఇందుకు ముఖ్యకారణము. గట్టి తాకుడొకటి జరిగినదన్నచో ఆ రెండును అంచులు రాసికొని పోక, నడుములు కలియునట్లు ఢీకొనియుండుటకే అవకాశమెక్కువ. అచ్చట రెండవ జతకును దారి సులభము. పార్టానులు తమలో తాము జంటలుగా పొందిక కలిగియున్నవా అనునది ఇంకను విచారింపబడుచున్నది.