పాత కరిజ్మాలో ముసలితనం ఎక్కడుంటుంది?

సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘‘ముప్పై వేలే తిరిగింది సార్, ఎక్కువగా ఇంట్లోనే ఉంది.’’ కొనేవాడి మొహం వెలిగిపోతుంది. పదిహేడేళ్ల బండి అంత తక్కువ తిరిగిందంటే ఇంజిన్ గట్టిగానే ఉంటుందని అతని లెక్క. ఇంజిన్ వరకు ఆ లెక్క సరైనదే కావచ్చు. నా అనుమానమల్లా ‘ఇంట్లోనే ఉంది’ అన్న రెండో ముక్క మీదే. బండిలో తిరిగితే అరిగేవి కొన్ని, ఊరికే ఉన్నా చెడేవి కొన్ని. పాత బండి పెట్టే తిప్పల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకం సరుకు వల్లే వస్తుంది.

హీరో హోండా కరిజ్మానే తీసుకుందాం. 2003లో వచ్చింది. 223 సీసీ, గాలికి చల్లబడే ఒకే సిలిండరు, 17 హార్స్‌పవర్, హెడ్‌లైటు చుట్టూ సగం ఫెయిరింగు, 15 లీటర్ల ట్యాంకు. కరిజ్మాది స్పోర్ట్ టూరర్ అనే జాతి, యూరప్‌లో అది అప్పటికే పాతది. 1976 నాటి బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్‌కి విండ్ టన్నెల్‌లో పరీక్షించి మరీ ఫెయిరింగు దిద్దారు. 1990లో వచ్చిన హోండా ఎస్‌టీ1100ది నాలుగు సిలిండర్ల ఇంజిన్. వాటి పక్కన మన కరిజ్మా బుడ్డోడే. అయినా అడిగే పని ఒకటే: రోజంతా కూర్చున్నా నడుం పట్టెయ్యకూడదు, మలుపులో వాల్చినప్పుడు భయం పుట్టకూడదు. 2009లో కరిజ్మా జెడ్ఎంఆర్ ఫ్యూయెల్ ఇంజెక్షన్‌తో వచ్చింది. 2023లో వచ్చిన ఎక్స్ఎంఆర్‌కి పాతదానితో పేరు తప్ప చుట్టరికం లేదు. ఈ వ్యాసం కార్బొరేటర్ ఉన్న పాత కరిజ్మాల గురించే.

ముందు ఇనుము సంగతి చూద్దాం. జర్మన్ ఇంజినీరు ఆగస్ట్ వోలర్ 1850, 60 దశకాల్లో రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో తేల్చడానికి వాటిని లక్షల సార్లు తిప్పి చూశాడు. ఒక హద్దుకు లోబడి బరువు పడినంత కాలం ఉక్కు ఎన్నిసార్లు వంగి లేచినా విరగదని ఆయన పరీక్షల్లో తేలింది. కరిజ్మా ఫ్రేము ఉక్కు గొట్టాలే. యాక్సిడెంటు కాకుండా, తుప్పు పట్టకుండా చూసుకుంటే అది మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. అల్లాయ్ చక్రాల అల్యూమినియానికి ఆ వరం లేదు. గుంతలో పడిన ప్రతి దెబ్బా దాని ఖాతాలో జమవుతుంది. అయినా పాత కరిజ్మాను షెడ్డులో కూలేసేది మాత్రం ఇవి రెండూ కావు, రబ్బరు.

రబ్బరు అణువులు పొడుగాటి గొలుసులు. చిక్కుపడిన దారాల మధ్య అక్కడక్కడ ముడులు వేసినట్టు, 1839లో చార్లెస్ గుడియర్ గంధకం కలిపి వేడిచేసి ఆ గొలుసులను ఒకదానికొకటి బిగించాడు. సాగి మళ్లీ యథాస్థితికి రావడం అనే గుణం నిలబడింది ఆ ముడుల వల్లే. చిక్కేమిటంటే ఫ్యాక్టరీ పని ముగించినా గాలిలోని ఆక్సిజన్ ముగించదు. ఏళ్ల తరబడి కొత్త ముడులు వేస్తూనే ఉంటుంది, కొన్నిచోట్ల గొలుసులనే తెంపుతుంది. ముడులు పెరిగితే రబ్బరు బిరుసెక్కుతుంది. సాగదీసి బిగించిన చోట ఓజోన్ సన్నని పగుళ్లు తెస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇటువంటి రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. రెంటచింతల ఎండలో రేకుల షెడ్డు కింద నిలబెట్టిన బండికీ, నీడపట్టున ఉన్న బండికీ వయసు ఒకేలా రాకపోవడానికి కారణం ఇదే.

ఈ ముసలితనం కరిజ్మాలో అందరికంటే ముందు కనబడే చోటు కార్బొరేటర్. పాత స్ప్లెండర్ లాంటి బండిలో యాక్సిలరేటర్ తిప్పితే కేబులు నేరుగా కార్బొరేటర్‌లో గాలిదారిని తెరిచే స్లైడును పైకి లాగుతుంది. కరిజ్మాలో అలా కాదు. కేబులు తిప్పేది ఒక చిన్న రేకు తలుపును మాత్రమే. స్లైడును లేపే బాధ్యత గాలిది. ఇంజిన్ గాలి పీల్చే వేగం పెరిగినప్పుడు స్లైడు కింది గొంతులో పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల స్లైడులోని చిన్న రంధ్రం గుండా పై గదికి చేరుతుంది. పై గదికీ, బయటి గాలికీ మధ్య ఒక పలుచని రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. రెండు పక్కల పీడనంలో తేడా వస్తే డయాఫ్రమ్, దాన్ని పట్టుకున్న స్లైడు, స్లైడుకు వేలాడే సూది అన్నీ కలిసి పైకి లేస్తాయి. డయాఫ్రమ్ వెడల్పు ఐదు సెంటీమీటర్లనుకుని, పీడనంలో తేడా వాతావరణ పీడనంలో యాభయ్యో వంతు అనుకుంటే, లేపే బలం నాలుగు వందల గ్రాముల బరువుకు సమానం. స్లైడుకు, దాని మీది స్ప్రింగుకు అది చాలు. లాభం ఏమిటంటే, రైడరు ఎంత దురుసుగా తిప్పినా ఇంజిన్ జీర్ణించుకోగలిగినంత మేరకే స్లైడు లేస్తుంది. ఈ ఉపాయం వందేళ్ల కిందటిది. ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ కుటుంబం ఎస్‌యూ కార్బొరేటర్ తయారుచేసినప్పుడు డయాఫ్రమ్ స్థానంలో వాడింది తోలు తిత్తిని!

ఇప్పుడు ఆ డయాఫ్రమ్‌లో గుండుసూది మొనంత రంధ్రం పడిందనుకోండి. బయటి గాలి పై గదిలోకి జారుతుంది, పీడనంలో తేడా నిలవదు, స్లైడు సగంలోనే ఆగిపోతుంది. బండి చక్కగా స్టార్టవుతుంది, ఐడిలింగ్ బాగుంటుంది, ఊళ్లో తిరిగితే తేడా తెలియదు. హైవే ఎక్కి పూర్తిగా తిప్పితే మాత్రం అరవై దగ్గర మొరాయిస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే ‘‘పికప్ లేదంటే బోర్ పోయినట్టే అన్నా’’ అని తేల్చేస్తారు. రోగం ఒకటి, మందు ఒకటి. బోర్ కిట్టు మార్చాక కూడా బండి అరవై దగ్గరే ఆగుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది.

కార్బొరేటర్ విప్పించినప్పుడు దగ్గరుండి చూడాల్సిన పరీక్ష ఒకటుంది. స్లైడును వేలితో పూర్తిగా పైకి ఎత్తి, దాని అడుగున సూది పక్కనుండే చిన్న రంధ్రాన్ని వేలి కొసతో మూసి, స్లైడును వదిలెయ్యాలి. డయాఫ్రమ్ బాగుంటే స్లైడు అక్కడే నిలబడుతుంది, లేదా బద్ధకంగా దిగుతుంది. టక్కున పడిపోతే గాలి ఎక్కడో దూరుతున్నట్టే. అప్పుడు డయాఫ్రమ్‌ను బయటికి తీసి ట్యూబులైటు ముందు మెల్లగా సాగదీసి చూస్తే మడత పడే గీత దగ్గర వెలుతురు చుక్క కనబడుతుంది. ఇంకో సంగతి. కార్బొరేటర్ క్లీనింగ్ అనగానే మొత్తం విప్పకుండా స్ప్రే కొట్టేస్తారు. ఆ ద్రావకం తగిలిన డయాఫ్రమ్ ఉబ్బి, దాని గాడిలో కూర్చోనని మొండికేస్తుంది. ఒక రాత్రి గాలికి ఆరబెడితే చాలాసార్లు పాత కొలతకు వస్తుంది. కంగారుపడి బిగించి నలిపితేనే పనికిరాకుండా పోతుంది. కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్యనుండే రబ్బరు జాయింటుదీ ఇదే కథ. అక్కడ పగులు వస్తే దొంగగాలి దూరి గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది.

పలచబడే గండం ఇప్పుడు పెట్రోలు బంకు నుంచి కూడా వచ్చింది. 2023లో ఇరవై పాళ్లు ఇథనాల్ కలిపిన ఈ20 అమ్మకాలు మొదలయ్యాక క్రమంగా అదే సాధారణ పెట్రోలయింది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలే చాలు, ఎందుకంటే ఆక్సిజన్ కొంత దాని అణువులోనే ఉంది. ఇరవై పాళ్లు కలిస్తే అవసరం పదమూడున్నర చిల్లరకు దిగుతుంది. ఇంజెక్షన్ బండిలో సైలెన్సర్ దగ్గరి ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడాను పసిగట్టి ఇంధనం పెంచుతుంది. కరిజ్మా కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్టుకు ఆ తెలివి లేదు. అది ఎప్పటిలా అంతే కొలత వదులుతుంది, మిశ్రమం ఏడెనిమిది శాతం పలచనవుతుంది. చల్లటి పొద్దున స్టార్టు కష్టం కావడం, ఒకే వేగంలో వెళ్తుంటే చిన్న చిన్న జర్కులు, ఇంజిన్ ఎక్కువ వేడెక్కడం దీని గుర్తులు. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, ఐడిలింగ్ మిశ్రమం స్క్రూ కాస్త సర్దితే చాలావరకు కుదురుకుంటుంది. ఇథనాల్ పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది కూడా. పెట్రోలు పైపు, కార్బొరేటర్ గిన్నె ఓ-రింగు మార్చేటప్పుడు చవక పైపు వేయించుకోవద్దు. ఫ్లోరోకార్బన్ రబ్బరుతో చేసినది అడగండి. ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతుంది.

ఇక బ్రేకులు. ముందు డిస్కు ఆయిలు గ్లైకాల్ ఈథర్ రకం. దానికి నీరంటే మహా ఇష్టం. రబ్బరు హోస్ గోడల గుండా, మూత సందుల గుండా గాలిలోని తేమను ఏళ్ల తరబడి తాగుతూ ఉంటుంది. కొత్త డాట్ 4 ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు కలిశాక ఆ హామీ 155కి పడిపోతుంది. ఊళ్లో తిరిగేవాడికి ఈ తేడా జన్మలో తెలియదు. అరకు నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా శృంగవరపుకోట వైపు, వెనక మనిషి, సామాను పెట్టుకుని బ్రేకు నొక్కిపట్టి దిగేవాడికి తెలుస్తుంది. క్యాలిపర్‌లో నీరు ఆవిరవుతుంది. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. లివర్ హ్యాండిల్‌కు అంటుకునేదాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. వెనకది డ్రమ్ము కాబట్టి మిగిలే దిక్కు కొంచెమే. రెండేళ్లకోసారి మూత మీద రాసి ఉన్న రకం ఆయిలే పోయించి, ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్ బ్రేకు మీద ఆధారపడటం ఒక్కటే మార్గం. ఆయిలు ట్యాంకు మీద చిందితే రంగు లేచిపోతుంది, గుడ్డ దగ్గర పెట్టుకోమని మెకానిక్‌కు ముందే చెప్పండి.

టాపెట్ల గురించి ఒక్క మాట. టపటపమనే శబ్దం పాత బండి జబ్బని చాలామంది వాటిని బిగించేయిస్తారు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని వదిలించుకునేది ప్రధానంగా సీటుకు ఆనుకున్న క్షణాల్లోనే. టాపెట్ సందు మరీ తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి దిగదు, అంచు కాలిపోతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో కొలిచి పెట్టాలి తప్ప చెవితో కాదు. సన్నగా టపటపమనే కరిజ్మా కంటే మరీ నిశ్శబ్దంగా ఉన్నదాన్నే నేను ఎక్కువ అనుమానిస్తాను.

కరిజ్మాకు కిక్కు లేదు. కాబట్టి కరెంటు లేకపోతే నెట్టుకోవడమే. మల్టీమీటరు పెట్టి చూస్తే, ఆపి ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తూ ఆర్‌పీఎం పెంచినప్పుడు 14 దగ్గర ఉండాలి. లేకపోతే వెంటనే రెక్టిఫైయర్ మార్చెయ్యరు తెలివైనవాళ్లు, ముందు వైర్లను కలిపే కప్లర్లు విప్పి చూస్తారు. పచ్చటి చిలుము పట్టిన పిన్నులో పదో వంతు ఓమ్ నిరోధం చాలు. పది ఆంపియర్లు వెళ్తుంటే ఒక వోల్టు అక్కడే పోతుంది, పది వాట్ల వేడి అక్కడే పుడుతుంది. కప్లర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారి కరగడం దానివల్లే.

టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడి ఎంత లోతున్నా, ఆరేళ్లు దాటిన టైరుతో వానాకాలం హైవే ఎక్కడం నాకు ఇష్టముండదు. బిరుసెక్కిన రబ్బరు తడి రోడ్డు గరుకులోకి ఒదగదు. హ్యాండిల్ కింది బాల్‌రేసర్ కూడా చూసుకోవాలి. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను రెండు వేళ్లతో మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో టక్కుమని ఆగిందంటే, బాల్స్ ఏళ్ల తరబడి ఒకే చోట కొట్టుకుని గుంతలు చేశాయన్నమాట. బిగిస్తే పోదు, సెట్టు మార్చాలి.

అన్నీ సరిచేశాక ఎంత వేగంలో పోవాలి? గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనం లెక్కన పెరుగుతుంది. ఎనభై నుంచి వందకు పోతే ఆ ఖర్చు దాదాపు రెట్టింపు. బ్రేకు నొక్కాక ఆగే దూరం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మే నెల మధ్యాహ్నం సిలిండర్ రెక్కలకు తగిలే గాలే నలభై నాలుగు డిగ్రీలుంటే అవి వదిలించుకోగల వేడీ తగ్గుతుంది. ఎనభై, ఎనభై ఐదు మధ్య పోతూ, రోజూ పొద్దున్నే ఆయిలు మట్టం చూసుకునే పాత కరిజ్మా విజయవాడ నుంచి విశాఖకు కిక్కురుమనకుండా వెళ్తుంది.

వాడకుండా ఉంచాల్సి వస్తే మాత్రం, వారానికోసారి ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపే అలవాటు మానుకోవాలి. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆ ఆవిరి సైలెన్సర్‌లో, ఇంజిన్ ఆయిల్లో నీరై కూర్చుంటుంది, సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు తింటుంది. వీలైతే ఇరవై పాతిక కిలోమీటర్లు తిప్పి రండి. వీలు కాకపోతే ట్యాంకు నింపి, పెట్రోలు ట్యాపు మూసి, కార్బొరేటర్ గిన్నె అడుగు స్క్రూ విప్పి ఖాళీ చేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, టైర్లలో గాలి పట్టించి నీడలో వదిలెయ్యండి. మళ్లీ తీసేనాడు ముందుగా బ్రేకు లివర్ పట్టి చూడండి, సెల్ఫ్ తర్వాత కొట్టొచ్చు.