చింతపిక్కలు విప్పిన చిక్కుముడి

పండగనాడు ఓళిగలు చేస్తున్నామనుకోండి. ఉండలన్నీ చేసి, అన్నింట్లో పూర్ణం పెట్టి, అన్నీ తట్టి, ఆ తర్వాతే పెనం పొయ్యి మీద పెడతామా? పెట్టం. ఒకరు తడుతుంటే పక్కనే ఒకరు కాలుస్తుంటారు. మొదటి ఓళిగ తిన్న పిల్లాడు “తీపి చాల్లేదమ్మా” అంటే అప్పుడే సర్దుకుంటాం. వంటింట్లో ఇంత తెలివిగా ఉండే మనం, నలుగురం కలిసి నాలుగు డబ్బుల పనికి కూర్చోగానే అదంతా మరిచిపోతాం!

మా బెళుగుప్పలో వాన మొహం చాటేసిందంటే చెనిక్కాయ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ఆడవాళ్లు ఇంకో దారి చూసుకోక తప్పదు. మా వీధిలో అయిదుగురు కలిసి చెనిక్కాయ పొడి చేసి అంగళ్లకు వేస్తారు. లెక్కలు రాసిపెట్టేదాన్ని నేను.

ఒకసారి వంద ప్యాకెట్లకు ఆర్డరు వచ్చింది. ఒకామె విత్తనాలు వేయించి పొడి కొట్టింది. రెండో ఆమె వందా నింపింది. మూడో ఆమె వందా తూకం వేసింది. ఆ తర్వాత ఆ కుప్పంతా అవ్వ ముందుకొచ్చింది. కొవ్వొత్తి మంట దగ్గర ప్యాకెట్ మూతి అతికించే పని అవ్వది. కాస్త ఏమరితే కవరు కాలిపోతుంది కాబట్టి నిదానంగా చేస్తుంది. “అవ్వా, బిన్నా కానీ” అంటూ అందరూ తొందరపెట్టారు. సాయంత్రానికి చీటీలు అంటించే ఆమె చేతిలో ఓ ప్యాకెట్ చిరిగింది. నోట్లో వేసుకుని చూస్తే ఉప్పే లేదు! వందా విప్పాల్సి వచ్చింది. కోపమంతా అవ్వ మీదికి పోయింది. “నీ దగ్గర్నుంచి పొద్దున్నే ఒక్కటి వచ్చింటే తెలిసిపోయేది కదా” అన్నారు.

“నా చెయ్యి నిదానమమ్మా. రేపట్నుంచి నేను రాన్లే” అంది అవ్వ. ఆ వాటా డబ్బుతోనే ఆమె మందులు కొనుక్కునేది.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా అక్క కూతురు అప్పుడు మా ఇంట్లోనే ఉంది. “పిన్నీ, మా ఆఫీసులో నాణేలతో ఓ ఆట ఆడించారు. వీళ్లతో ఆడిద్దామా?” అంది. నాణేల బదులు బారాకట్ట కోసం ఒకవైపు అరగదీసి పెట్టుకున్న చింతపిక్కలు ఇరవై తెచ్చాం. నలుగురు వరుసగా కూర్చున్నారు. మా అమ్మాయి అంకెలు లెక్కపెడుతుంటే ఒక్కో అంకెకు ఒక్కో పిక్కను తిరగేయాలి. అంతే ఆట.

మొదటిసారి ఇరవై తిరగేశాకే పక్కవాళ్లకు ఇవ్వాలన్నాం. ఆఖరి ఆమె చేతిలోంచి అన్నీ బయటపడేసరికి లెక్క 80కి వచ్చింది. రెండోసారి అయిదేసి చొప్పున ఇస్తూ పోయారు. 35కే అయిపోయింది! మూడోసారి ఒక్కోటి తిరగేసిన వెంటనే ఇచ్చేశారు. 23! మొదటి పిక్కయితే నాలుగో అంకెకే బయటికొచ్చింది. ఎవరి చెయ్యీ వేగం పెరగలేదు. కుప్ప చిన్నదయిందంతే.

తర్వాత అవ్వను బతిమాలి మూడో చోట కూర్చోబెట్టాం. ఆమెకు మాత్రం పిక్కకు రెండు అంకెలు. లెక్క 43కు వచ్చింది. “ముందున్న మీరిద్దరూ రెట్టింపు వేగంగా చేయండి” అంది మా అమ్మాయి. చేశారు. ఎంతకు వచ్చిందనుకున్నారు? 42! మిగిలింది ఒక్క అంకె. పెరిగింది మాత్రం అవ్వ ముందున్న కుప్ప. ఈసారి అయిదో ఆమె అవ్వ పక్కన కూర్చుని అదే నిదానంతో చెయ్యి కలిపింది. 24కే పూర్తయింది. అవ్వను తొందరపెట్టిన వాళ్లందరూ తలలు దించుకున్నారు.

ఇలాంటి ఆటలు లోకమంతా ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో ఆడిస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో టయోటా ఇంజనీరు తైచీ ఓనో, పని మధ్యలో పేరుకునే కుప్పలు దండగని చెప్పి కార్ల తయారీ పద్ధతినే మార్చారు. జేమ్స్ వోమాక్, డేనియల్ జోన్స్ కలిసి 1996లో ‘లీన్ థింకింగ్’ అనే పుస్తకం రాశారు. అందులో వోమాక్ తన ఆరేళ్ల, తొమ్మిదేళ్ల కూతుళ్ల ముచ్చట చెప్పారు. పత్రికలు మడిచి, చిరునామా అంటించి పంపడమెలా అని అడిగితే ఆ పిల్లలు కూడా ముందు అన్నీ మడిచేద్దామన్నారట! కుప్ప పోయడం మనందరి అలవాటేనన్నమాట.

అలాగని ప్రతిదీ ఒక్కొక్కటిగా చేయలేం. మూకుడు పెట్టి ఒక్క చెనక్కాయ విత్తనం వేయించం కదా! పని ఒప్పుకున్నంత వరకు కుప్ప తగ్గించుకోవాలి. నిదానమైన చోట తిట్టు కాదు, ఇంకో చెయ్యి కావాలి.

ఇప్పుడు మా వాళ్లు అయిదేసి ప్యాకెట్లు ముందుకు పంపిస్తున్నారు. మొదటిది విప్పి రుచి చూశాకే మిగతావి. పొడి కొట్టడం అయిపోగానే ఆమె రెండో కొవ్వొత్తి వెలిగించుకుని అవ్వ పక్కన కూర్చుంటుంది. అవ్వ ఒక్క రోజూ మానలేదు.

మీ ఇంట్లోనూ ఇరవై చింతపిక్కలు ఉండే ఉంటాయి. ఈసారి నలుగురు చేరినప్పుడు ఆడి చూడండి. ఆ తర్వాత “ఆమె వల్లే ఆలస్యం” అనే మాట అంత తేలిగ్గా నోటికి రాదు.