హిమ్రూ, మష్రూ: నేఁతయు జీవనమును

దక్కనునందలి నేఁతపనులలో హిమ్రూ, మష్రూ యను రెండు వస్త్రములు ప్రసిద్ధములు. ఈ పదములకు ‘ఒక విధమగు వస్త్రము’ అని యర్థము వ్రాసి విడిచినఁ జాలదు. వస్త్రము నెట్లు నేయుదురో యెఱిఁగినఁగాని పేరు సార్థకమని తెలియదు.

మష్రూ యరబ్బీ పదము. ‘ధర్మసమ్మతమైనది’ యని దాని యర్థము. ఇస్లాము ధర్మశాస్త్రము స్త్రీలకుఁ బట్టు నంగీకరించి, పురుషులకు శుద్ధమగు పట్టును నిషేధించినది. కావున నేఁతగాండ్రు పట్టును బడుగుగను, నూలును బేకగను గూర్చి, పట్టుపోగులు పైముఖమునఁ దేలునట్లును, నూలు లోపలివైపున నుండి మేనికిఁ దగులునట్లును నేసిరి. కన్నులకుఁ గనఁబడునది పట్టు. మేనికి సోఁకునది నూలు.

హిమ్రూ పారసీకమూలమగు పదమనియు, ‘పోలినది’ యని దాని యర్థమనియుఁ జెప్పుదురు. జరీతో నేయు కింఖాబును బోలియుండుట యీ పేరునకు హేతువు. ఇందు నేల నూలుది. పువ్వులును లతలును అధికముగా వేయు పట్టుపేకతో నేర్పడును. చిత్రము లేని తావులందు ఆ పేక వెనుకభాగమునఁ దేలియుండుటచే వస్త్రము మెత్తనై యుండును. ఈ నేఁతకు ‘జాలా’ యను త్రాళ్ల కూర్పు ప్రాణము. చిత్రమును గళ్ల కాగితముపై లిఖించి, యే వరుసయందు ఏ పడుగుపోగు లేవవలయునో లెక్కించి, యా లెక్కను త్రాళ్లలోఁ గట్టుదురు. ఒకరు త్రాళ్ల నెత్తుచుండ వేఱొకరు నాడె వేయుదురు. దినమునకుఁ గొలఁదిమేర మాత్రమే వస్త్రము సాగును.

1327 ప్రాంతమున మహమ్మద్ బిన్ తుగ్లక్ దౌలతాబాదునకు రాజధానిని మార్చినపుడు ఉత్తరదేశపు నేఁతగాండ్రు వెంట వచ్చిరని యైతిహ్యము. పిదప సమీపమందలి ఔరంగాబాదు హిమ్రూకుఁ బట్టుకొమ్మ యయ్యెను. ఆ నగరము 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిది. హైదరాబాదు ప్రభువర్గమువారు హిమ్రూ షేర్వానీలను మక్కువతో ధరించిరి. 1948లో నిజాము ప్రభుత్వ మంతరించుటతో ఆ యాదరము సన్నగిల్లెను. మఱియు, కింఖాబును బోలుటకై పుట్టిన హిమ్రూకే మరమగ్గములపైఁ జౌక పోలికలు పుట్టెను.

నేఁతయింటి స్త్రీ యాసు పోయుటయుఁ, గండెలు చుట్టుటయుఁ జేయుచున్నను, మగ్గముకడఁ గూర్చుండినవానికే నేఁతగాఁడను పేరు. ఈ వాడుకను మార్చినవారిలో హైదరాబాదునకుఁ జెందిన సురయ్యా హసన్ బోస్ (1928–2021) గణనీయురాలు. ఆమె హిమ్రూ నెఱిఁగిన యొక నిపుణునిచే వితంతువులకు నేఁత నేర్పించెను; వారిలోఁ బలువురు ముస్లిము స్త్రీలు. పాతవస్త్రముల తునుకలనుండి చిత్రములను గళ్ల కాగితముపైకిఁ దెచ్చి, హిమ్రూ మష్రూలను మరల మగ్గమెక్కించెను. నేతాజీ సహచరుఁడగు ఆబిద్ హసన్ సఫ్రానీ స్మారకముగాఁ జేరువనే పాఠశాలను నెలకొల్పెను. భర్తను గోల్పోయి బిడ్డలతో మిగిలిన స్త్రీకి, పరుల యిండ్లఁ బాచిపని చేయుటకంటె నిది గౌరవమైన వృత్తి. తల్లి మగ్గముకడ, బిడ్డ బడిలో నుండుట కిట్లు వీలు కలిగెను.

ఈ వృత్తాంతమువలన నొక విషయము స్పష్టము. ప్రాచీనచిత్రముల రక్షణమునకు వస్తుప్రదర్శనశాల చాలును. నేఁత రక్షణమున కది చాలదు. త్రాడెత్తు చేయియు, నాడె వేయు చేయియు, నా చేతులు వేఱొక పనికిఁ బోకుండఁ దగిన కూలియు వలయును. కూలి చాలనిచో నేఁత యొక తరముతోనే ముగియును. పిదపఁ జిక్కిన జాలాను జూచి, యే త్రాడు ముందెత్తవలయునో చెప్పఁగలవా రుండరు. మష్రూ, హిమ్రూ యను పదములకు నిఘంటువులో నర్థము మిగులుట సులభము. ఆ యర్థమును బిడ్డకుఁ జేతితోఁ జూపఁగల తల్లి మిగులుట కూలిపై నాధారపడియున్నది.