అట్లతద్ది చంద్రుడికి ఆలస్యమెందుకు? అట్టుకు చిల్లులెందుకు?

శరదృతువు, అంటే ఆశ్వయుజ కార్తిక మాసాల కాలం, తుపాను పట్టిన ఏడు తప్ప, వానలు వెనుకపట్టి ఆకాశం తేటపడే వేళ కనుక ఆరుబయటి ఆటలకు, వెన్నెల పండుగలకు అనువైనది. ఆశ్వయుజ బహుళ తదియనాడు, అనగా పున్నమి తరువాతి మూడవ తిథినాడు, తెలుగు ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలూగి, పగలంతా ఉపవాసముండి, చంద్రోదయమయ్యాకే గౌరీదేవికి నివేదించిన అట్లు తింటారు.

చంద్రుడు భూమి చుట్టూ పడమర నుండి తూర్పుకు తిరుగుతూ రోజుకు దాదాపు 13 డిగ్రీలు జరగడం వల్ల, అతనిని అందుకోవడానికి భూమి ఇంకొంచెం తిరగవలసి వచ్చి, చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు వెనుకబడుతుంది. అందుకే పున్నమినాడు సూర్యాస్తమయ వేళకే కనిపించే చంద్రుడు తదియనాడు చీకటి బాగా పడ్డాక గాని రాడు. ఆకలితో ఎదురుచూసే పిల్లలకు ఈ లెక్క రుచించకపోవచ్చు.

అట్టు సంగతి మరింత ఆసక్తికరం. నానబెట్టి రుబ్బిన మినపపప్పు, బియ్యం పిండిని రాత్రంతా మూతపెట్టి ఉంచితే, పప్పుమీద సహజంగా ఉండే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా అందులోని చక్కెరలను వాడుకొని, పులుపునిచ్చే ఆమ్లాన్ని, కార్బన్ డయాక్సైడ్ వాయువును విడుదల చేస్తుంది. ఈ పులియడాన్నే శాస్త్రభాషలో కిణ్వనం అంటారు. మినపపిండి జిగురు ఆ వాయువును బుడగలుగా పట్టి ఉంచగా, వేడి పెనం తగలగానే అవి ఉబ్బి పైపొరను చీల్చుకొని పోయి, వాటి దారులే చిల్లులుగా మిగులుతాయి. శరత్తులో రాత్రులు చల్లబడేకొద్దీ బ్యాక్టీరియా మందగిస్తుంది కాబట్టి, వేసవిలో కన్నా పిండిని ఎక్కువసేపు ఉంచవలసి ఉంటుంది.