మానని గాయం.. మనసుకే కాదు, ఒంటికీ!

*విపత్తు అనంతరం వెన్నాడే రుగ్మతలో అదుపు తప్పుతున్న హార్మోన్లు*
*ధైర్యం చెబితే చాలదు.. చికిత్స అవసరం*

మచిలీపట్నం: 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 10 వేల మంది అసువులు బాశారు. కళ్లెదుటే అయినవారు కొట్టుకుపోగా ప్రాణాలతో మిగిలిన వారి మనసుకు తగిలిన గాయానికి వైద్యశాస్త్రం అప్పటికి నేటి పేరు పెట్టలేదు. మూడేళ్ల తరువాత, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దానిని 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' (పీటీఎస్‌డీ) పేరుతో రుగ్మతల జాబితాలో చేర్చింది. ఇది మనసుకే పరిమితమైనది కాదని, రక్తంలోనూ దాని జాడలు కనిపిస్తాయని ఆ తరువాతి పరిశోధనలు తేల్చాయి.

లక్షణాలివీ..

తుపాను, రోడ్డు ప్రమాదం, అగ్నిప్రమాదం, దాడి, యుద్ధం.. ప్రాణభయం కలిగించిన ఏ సంఘటన అయినా ఈ రుగ్మతకు దారితీయవచ్చు. జరిగినది మళ్లీ కళ్ల ముందు మెదలడం, పీడకలలు, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం, ఆ చోటికి వెళ్లేందుకు నిరాకరించడం, నిద్ర కరవవడం, ఆత్మీయులపైనా ఆసక్తి సన్నగిల్లడం ప్రధాన లక్షణాలు. తొలిరోజుల్లో ఇవి ఎవరికైనా సహజమే. చాలామంది క్రమంగా తేరుకుంటారు. నెల దాటినా వీడకుండా రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తే రుగ్మతగా అనుమానించాలి. పల్లెల్లో 'జడుసుకున్నాడు' అంటూ తాయెత్తు కట్టించి ఊరుకోవడం వల్ల విలువైన కాలం గడచిపోతుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఆపద ఎదురైన మరుక్షణమే అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. గాయమైతే ఎదుర్కొనేందుకు వ్యాధి నిరోధక కణాలు సైతం సిద్ధమవుతాయి. అవి వెలువరించే రసాయనాల వల్ల శరీరంలో వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) మొదలవుతుంది. పుండు చుట్టూ ఎర్రబడి వేడెక్కడం దీని పనే. కొద్దికాలం సాగితే ఇది మేలే చేస్తుంది.

కొద్ది నిమిషాల వ్యవధిలో మెదడు ఆదేశంతో, మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను విడుదల చేస్తాయి. ఇది శరీరానికి కావలసిన శక్తిని సమకూర్చుతుంది. ఆపై వాపు ప్రక్రియను అణచి, 'ఇక చాలు' అని మెదడుకు సంకేతం పంపుతుంది. నిండుగా పారే కాలువను లాకు తలుపు అదుపు చేసినట్లే కార్టిసాల్ పనిచేస్తుంది.

లాకు పట్టు తప్పితే..

బాధితుల్లో కార్టిసాల్ అధికంగా ఉంటుందని భావించడం సహజం. అయితే వియత్నాం యుద్ధంలో పాల్గొన్న మాజీ సైనికులపై జరిపిన పరిశోధన ఫలితాలు 1986లో ఇందుకు భిన్నంగా వెలువడ్డాయి. పీటీఎస్‌డీ ఉన్నవారి మూత్రంలో కార్టిసాల్ తక్కువగా కనిపించింది. ఈ బాధితుల్లో మెదడు కార్టిసాల్ సంకేతానికి అతిగా స్పందించి, దాని ఉత్పత్తిని ముందుగానే కట్టడి చేస్తుందని అమెరికా శాస్త్రవేత్త రేచల్ యెహూదా బృందం తరువాత వివరించింది. అన్ని అధ్యయనాల్లోనూ ఫలితాలు ఒకేలా లేకపోయినా ఈ సిద్ధాంతానికి ప్రాధాన్యం ఉంది.

మరోవైపు నార్ అడ్రినలిన్ జోరు తగ్గదు. అది వాపు ప్రక్రియను ఎగదోస్తుంది. ఫలితంగా ఇంటర్‌ల్యూకిన్-6, సీ రియాక్టివ్ ప్రొటీన్ (సీఆర్‌పీ) వంటివి బాధితుల రక్తంలో సగటున ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఈ రసాయనాల ప్రభావం మెదడులో భయాన్ని నియంత్రించే భాగాలపైనా పడి, 'ఆపద తొలగిపోయింది' అని నేర్చుకునే శక్తిని తగ్గిస్తుందని భావిస్తున్నారు. భయం వాపును, వాపు భయాన్ని పెంచే విషవలయం ఇలా ఏర్పడుతుంది.

వాపు ఫలితమే కాదు, కారణమూ కావచ్చు. యుద్ధరంగానికి వెళ్లే ముందు, వచ్చిన తరువాత సుమారు రెండున్నర వేల మంది అమెరికా మెరైన్ సైనికులను పరిశీలించిన అధ్యయనం 2014లో వెలువడింది. వెళ్లకముందే సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవారిలో తరువాత ఈ లక్షణాలు కనిపించే అవకాశం అధికమని అందులో తేలింది.

గుండెకు, కీళ్లకు ముప్పు

పీటీఎస్‌డీ బాధితుల్లో గుండెజబ్బుల ముప్పు ఇతరుల కంటే ఎక్కువని పలు అధ్యయనాలు వెల్లడించాయి. స్వీడన్‌లో ఒత్తిడి సంబంధిత రుగ్మతలున్న లక్ష మందికి పైగా వ్యక్తుల రికార్డులను పరిశీలించగా, కీళ్లవాతం, సోరియాసిస్ వంటి స్వయం నిరోధక వ్యాధులు వారిలో ఎక్కువగా వస్తున్నట్లు 2018లో తేలింది. పీటీఎస్‌డీ నిర్ధారణ అయిన తొలి ఏడాది ఎస్ఎస్ఆర్ఐ తరగతి మందులను నిలకడగా వాడిన వారిలో ఈ ముప్పు కొంత తక్కువగా ఉండటం గమనార్హం. అది మందుల వల్లేనని మాత్రం ఈ అధ్యయనం ద్వారా నిర్ధారించలేం.

సొంత వైద్యం వద్దు

కార్టిసాల్ తగ్గితే స్టెరాయిడ్ మాత్ర, వాపు ఉంటే నొప్పి మాత్ర వేసుకుంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. వాటిని ఇష్టానుసారం వాడితే కొత్త సమస్యలు తలెత్తుతాయి. ఈ రుగ్మతను నిర్ధారించే రక్తపరీక్ష కూడా ఇంకా అందుబాటులో లేదు. మానసిక వైద్యుడు రోగితో మాట్లాడి నిర్ధారించవలసిందే.

జరిగిన సంఘటనను నిపుణుల సమక్షంలో క్రమంగా ఎదుర్కొనేలా చేసే మానసిక చికిత్సలకు అగ్రస్థానం ఉంది. సెర్‌ట్రాలిన్, పారాక్సెటిన్ వంటి మందులనూ వైద్యులు సూచిస్తారు. ఏళ్లు గడచినా చికిత్సతో ప్రయోజనం ఉంటుంది.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'టెలి మానస్' ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో సలహా పొందవచ్చు. 'మగాడివి, ధైర్యం తెచ్చుకో', 'జరిగిందేదో జరిగింది, మరచిపో' అనే మాటలతో హార్మోన్ల తీరు మారదు. బాధితుడిని పిరికివాడని నిందించకుండా, వెంటబెట్టుకుని వైద్యుని వద్దకు తీసుకెళ్లడమే కుటుంబ సభ్యులు చేయగల మేలు.